దేహదాన పత్రంలో జాగిలానికి చోటుందా?

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలింది. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. బురద, రాళ్లు, నలిగిపోయిన టన్నెల్ బోరింగ్ యంత్రం, ఆగకుండా ఊరే నీరు. మనుషులు ఎక్కడున్నారో తేల్చడానికి తెలంగాణ ప్రభుత్వం కేరళ పోలీసుల కడావర్ డాగ్స్‌ (శవాలను పసిగట్టే జాగిలాలు) మాయ, మర్ఫీలను రప్పించాల్సి వచ్చింది. అవి పసిగట్టిన చోట తవ్వగా మార్చి 9న మొదటి మృతదేహం బయటపడింది. అప్పటినుంచీ ‘మన దగ్గర ఇలాంటి జాగిలాలు ఎందుకు లేవు?’ అన్న ప్రశ్న నలుగుతూనే ఉంది. అంతకంటే చిక్కు ప్రశ్న ఇంకొకటుంది. జాగిలానికి శవం వాసన నేర్పాలంటే శవం కావాలి. అది ఏ చట్టం కింద వస్తుంది?

పేలుడు పదార్థాలకూ గంజాయికీ ఈ ఇబ్బంది లేదు. పోలీసులు సీజ్ చేసిన సరుకుంటుంది, కోర్టు అనుమతితో శిక్షణకు వాడతారు. శవానికి అలా కుదరదు. పుట్రెసిన్, కడావెరిన్ లాంటి రసాయనాలతో చేసిన కృత్రిమ శవగంధం మార్కెట్లో దొరుకుతుంది. కానీ కుళ్ళే దేహం నుంచి వందల రకాల వాయువులు వస్తాయి, రోజురోజుకూ వాటి పాళ్లు మారుతుంటాయి. సీసాలోని రెండు మూడు రసాయనాలతోనే నేర్చుకున్న కుక్క నిజమైన గోతి దగ్గర తడబడుతుంది. అసలు వాసనతో నేర్పితే ఫలితం ఎలా ఉంటుందో 2008లో ప్రచురించిన హాంబర్గ్ ప్రయోగం చూపించింది. చనిపోయి మూడు గంటలు కూడా కాని దేహాలను నూలు దుప్పటిలో చుట్టి, కింద కార్పెట్ ముక్కలు పరిచారు. కొన్నింటిని పది నిమిషాలు, కొన్నింటిని రెండే నిమిషాలు ఉంచి తీసేశారు. హాంబర్గ్ పోలీసు కుక్కలు ఆ రెండు నిమిషాల ముక్కల్ని కూడా చాలాసార్లు పట్టేశాయి.

ఇక చట్టాల సంగతి. వీటి పునాది కుక్కల కోసం వేసింది కాదు, దొంగల భయంతో వేసింది. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారు మందిని చంపి శవాలను శరీరశాస్త్ర పాఠశాలకు అమ్మారు. ఆ గగ్గోలు తర్వాత వచ్చిందే బ్రిటన్ 1832 అనాటమీ చట్టం. దిక్కులేని శవాలను లైసెన్సున్న వైద్య పాఠశాలలకు చట్టబద్ధంగా ఇస్తే దొంగ వ్యాపారం ఆగుతుందన్నది లెక్క. అప్పటినుంచి చట్టం దృష్టిలో దేహానికి ఒకే గమ్యం: వైద్య విద్యార్థి ముందున్న బల్ల. న్యూయార్క్ స్టేట్ పోలీసులు పెర్ల్ అనే లాబ్రడార్‌ను ప్రత్యేకంగా శవాల కోసం రంగంలోకి దించింది 1974లో. నాలుగడుగుల లోతున పూడ్చిన దేహాన్ని అది పట్టేసింది. ఈ పని పుట్టేసరికి ఆ చట్టానికి నూట నలభై ఏళ్లు దాటాయి.

తర్వాత వచ్చిన చట్టాలు కూడా ఈ ఖాళీని పూడ్చలేదు. బ్రిటన్‌లో అయితే ఇంకాస్త బిగించాయి. లివర్‌పూల్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో తల్లిదండ్రులకు చెప్పకుండా పిల్లల అవయవాలు దాచిన సంగతి బయటపడింది. 2001లో విచారణ నివేదిక వచ్చింది, దాని వెంట 2004 హ్యూమన్ టిష్యూ చట్టం వచ్చింది. దేహాన్ని, కణజాలాన్ని ఏయే పనులకు వాడొచ్చో ఈ చట్టం జాబితా కట్టింది. శిక్షణ అన్న మాట అందులో ఉంది, కానీ ‘మానవ ఆరోగ్యానికి సంబంధించిన విద్య లేదా శిక్షణ’ అని. కుక్క శిక్షణ ఆరోగ్యం కిందికి రాదు. ఎనిమిదో సెక్షన్ మరీ గట్టిది: జాబితాలోని పనికి దానమిచ్చిన దేహాన్ని ఇంకో పనికి మళ్ళించడమే నేరం. పోయినవాళ్ళు సంతోషంగా ఒప్పుకొనేవాళ్ళే అయినా, వైద్య పాఠశాలకు రాసిచ్చిన దేహంలో చిటికెడు కూడా డాగ్ స్క్వాడ్‌కు ఇవ్వడానికి లేదు. అందుకే బ్రిటిష్ పోలీసు కుక్కలకు ఎక్కువగా పంది కళేబరాలే పాఠం. పంది వాసన, మనిషి వాసన కొంత కలుస్తాయి గానీ ఒకటి కావు. పందితో నేర్చిన కుక్క పంది దొరికినా మొరుగుతుంది. కోర్టులో డిఫెన్స్ లాయరుకు అంతకంటే ఏం కావాలి?

అమెరికా దారి వేరు. అక్కడ 1968లో ఒక నమూనా దేహదాన చట్టం రూపొందింది. 1987లోనూ 2006లోనూ దాన్ని సవరించారు. రాష్ట్రాలు తమకు నచ్చిన మార్పులతో దాన్ని ఆమోదించుకున్నాయి. దానం నాలుగు పనులకు: అవయవ మార్పిడి, చికిత్స, పరిశోధన, విద్య. తీసుకునేవాళ్ళ జాబితాలో ఆసుపత్రులు, కాలేజీల పక్కన ‘తగిన ఇతర వ్యక్తి’ అని కూడా ఉంది. డాగ్ హ్యాండ్లర్లు, అంటే జాగిలాలకు నేర్పి నడిపించేవాళ్ళు, దూరేది ఈ సందులోంచే. కుక్కకు నేర్పడం ‘విద్య’ అవుతుందా అంటే, అవుతుందని వాదించవచ్చు, కాదని కూడా వాదించవచ్చు. అందుకే జాగ్రత్తపరులు దాత సంతకం చేసిన పత్రంలోనే ‘శోధక జాగిలాల శిక్షణకు’ అనే మాట విడిగా రాయించుకుంటారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే మిగతా కాగితాలన్నీ ఉన్నా బలం తక్కువే. టెనెసీ యూనివర్సిటీలో 1980ల తొలినాళ్లలో మొదలైన ‘బాడీ ఫార్మ్’ లాంటి కేంద్రాలు వచ్చాక దానమిచ్చిన దేహాలు ఆరుబయట సహజంగా కుళ్ళే చోట్లు ఏర్పడ్డాయి. ఉత్తర కెరొలినాలోని ఒక యూనివర్సిటీ అలాంటి స్థలంలో కుక్కల శిక్షణ కూడా నడిపింది. నేటివ్ అమెరికన్ల అవశేషాలకు 1990 నాటి ప్రత్యేక చట్టం ఉంది, వాటి జోలికి పోకూడదు.

ఎముకల విషయంలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. దశాబ్దాలపాటు కలకత్తా నుంచి విదేశీ ప్రయోగశాలలకు అస్థిపంజరాలు వెళ్లాయి. 1985లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. అప్పటి పాత ఎముకలు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. కొన్నవాళ్ళకు దక్కేది మాత్రం తక్కువ: ఉడికించి, బ్లీచ్ చేసి, వార్నిష్ పూసిన ఎముకలో కుక్కకు కావాల్సిన వాసన దాదాపు మిగలదు.

సరుకు సంపాదించడం ఒక ఎత్తు, లెక్క చూపించడం ఇంకో ఎత్తు. అమెరికాలో పేరుమోసిన ఒక హ్యాండ్లర్ తానే ఎముకలు తెచ్చి తనిఖీ స్థలాల్లో పడేసి, కుక్క కనిపెట్టినట్టు చూపించింది. నేరం ఒప్పుకున్నాక 2004లో 21 నెలల జైలు పడింది. శిక్షణ నమూనాకు నంబరు, రిజిస్టరు లేకపోతే ఎంత దూరం పోతుందో ఆ కేసు చూపించింది.

పద్ధతిగా చేసేవాళ్ళ దగ్గర ప్రతి నమూనా ఊరగాయ సీసాలాంటి వెడల్పు మూతి గాజు సీసాలో, దాన్ని మళ్ళీ ఇంకో గట్టి డబ్బాలో ఉంటుంది. ప్లాస్టిక్ పనికిరాదు, వాసన పీల్చుకుని బయటికి వదులుతుంది. సీసా మీద దాత కోడ్, రకం (రక్తం, కండ, కొవ్వు, ఎముక), సేకరించిన తేదీ, ఏ దశలో కుళ్ళిందీ రాయాలి. ఫ్రీజర్ విడిగా, తాళంతో. మైదానంలో దాచేముందు ఎన్ని, తీశాక ఎన్ని అన్నది లెక్కించి సంతకం పెట్టాలి. ఒక్క పంటి ముక్క మరిచిపోయినా రేపు అక్కడ ఇంకెవరి కుక్కో ఆగుతుంది, పోలీసులు తవ్వకం మొదలుపెడతారు. ఇక గ్లవ్స్ వాసన. నమూనా దాచిన చోటే గ్లవ్స్‌తో తాకితే కుక్క రబ్బరు వాసన నేర్చుకుంటుంది. ఖాళీ గుంతల్ని కూడా అవే గ్లవ్స్‌తో తవ్వి పూడ్చాలి, కొన్నింట్లో మేక ఎముక పెట్టాలి. ఎప్పుడూ పది, ఇరవై గ్రాములతోనే నేర్పినా ప్రమాదమే. పూర్తి దేహం దగ్గర వాసన గాలినిండా ఉంటుంది. కేంద్రం తెలియక కుక్క చాలా దూరంలోనే ఆగిపోతుంది.

మన దగ్గర దేహాల విషయం రాష్ట్రాల అనాటమీ చట్టాల పరిధి. బొంబాయి చట్టం 1949 నాటిది, మిగతావీ ఇంచుమించు అదే మూసలో పోసినవి: దిక్కులేని లేదా దానమిచ్చిన దేహాలు వైద్య సంస్థలకు, శవచ్ఛేదనకు. పోలీసు జాగిలం ప్రసక్తి లేదు. శవాన్ని అవమానించడంపై పాత ఐపీసీ 297 ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 301గా ఉంది, ఏడాది వరకు జైలు. ఇతరుల మనసు నొప్పించే ఉద్దేశమో, నొచ్చుకుంటారన్న ఎరుకో ఉంటేనే అది వర్తిస్తుంది. అయినా రాతపూర్వక అంగీకారం చేతిలో లేని అధికారి ఆ వాదన దాకా పోవడానికి ఎందుకు సాహసిస్తాడు? కాన్పు తర్వాత బయటపడే మాయను (ప్లాసెంటా) శిక్షణకు అడుగుదామంటే, 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం అది పసుపు సంచిలోకి వెళ్ళాలి, శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు. రేపు చట్టం సవరించి మెడికల్ కాలేజీల నుంచి దేహభాగాలు ఇప్పించినా ఇంకో అడ్డంకి ఉంది. అక్కడ దేహానికి చేసే మొదటి పనే ఫార్మలిన్ ఎక్కించడం (ఎంబామింగ్). ఫార్మలిన్ కుళ్ళును ఆపేస్తుంది, జాగిలం నేర్చుకోవాల్సింది ఆ కుళ్ళునే. కాబట్టి కాలేజీ శవాగారంలో ఎంబామింగ్‌కు ముందే, ఆ పనికి ఒప్పుకొన్న దాత దేహం నుంచే నమూనా తీయాలి. అందుకు దేహదాన పత్రంలో ఒక అదనపు గడి, దాని ఎదుట దాత సంతకం ఉండాలి.