ఎలుకకు తగ్గితే మనిషికి తగ్గినట్టేనా? అల్జీమర్స్ మందుల పరిశోధనపై అపోహలు - వాస్తవాలు

అల్జీమర్స్ మందుల మీద పనిచేస్తానని చెప్పగానే నన్ను అడిగే మొదటి మాట "మందు ఎప్పుడొస్తుంది?" రెండోది "ఇన్నేళ్లుగా మరి ఏం చేస్తున్నారు?" ఈ రెండో ప్రశ్న వెనుక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: ఎలుకల్లో పనిచేసిందంటే మందు దొరికినట్టే.

వాస్తవం: ఎలుకలకు సహజంగా అల్జీమర్స్ రాదు. కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే ఈ జబ్బు తెచ్చే మానవ జన్యువును వాటిలో పెట్టి, మెదడులో అమిలాయిడ్ ప్రొటీన్ పేరుకునేలా చేస్తాం. పేరుకుంటుంది కూడా. కానీ మన మెదడులోలా నాడీకణాలు పెద్దఎత్తున చచ్చిపోవడం చాలా రకాల ఎలుకల్లో కనిపించదు. అంటే మేం నయం చేసింది జబ్బులో ఒక ముక్కనే.

ఇక ఎలుక జ్ఞాపకశక్తిని కొలవడం ఇంకో తంటా. గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి, అడుగు కనబడకుండా తెల్లరంగు కలిపి, నీటిమట్టానికి కాస్త కింద చిన్న మెట్టు దాస్తాం. గోడల మీది గుర్తులను బట్టి అదెక్కడుందో ఎలుక రోజురోజుకీ నేర్చుకోవాలి. కొన్ని జాతులకు చిన్నతనంలోనే చూపు పోయే జన్యులోపం ఉంటుంది. అలాంటిది మెట్టు దొరక్క తిరుగుతుంటే మతిమరుపనుకునే ప్రమాదముంది. అందుకే మెట్టు మీద జెండా పెట్టి, కళ్లు కనబడుతున్నాయో లేదో కూడా చూస్తాం. కొన్నయితే ఈదడం మానేసి హాయిగా తేలుతుంటాయి! వాటిని ఏ లెక్కలో వేయాలన్నది ఎడతెగని పంచాయితీ. దేనికి మందిచ్చామో, మెట్టు చేరే టైము చూసేవాళ్లకు తెలియకూడదు. తెలిస్తే మనసు మనకు కావలసిన ఫలితం వైపే మొగ్గుతుంది.

అపోహ: కంపెనీలు మందు దాచిపెడుతున్నాయి.

వాస్తవం: దాచడానికి ముందు దొరకాలి కదా.

అపోహ: అమిలాయిడ్ పేరుకోవడమే జబ్బుకు మూలమనే సిద్ధాంతమంతా ఒక దొంగ రీసెర్చ్ పేపర్ మీద నిలబడింది.

వాస్తవం: 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పేపర్‌ను, అందులోని చిత్రాలను మార్చారని తేలి, 2024లో వెనక్కి తీసుకున్నారు. కోపం రావాల్సిన విషయమే. కానీ అది ఒక ప్రత్యేక రకం అమిలాయిడ్ గురించిన పేపర్. సిద్ధాంతం 1992 నాటికే ఉంది. దాని బలం జన్యువుల్లో ఉంది. అమిలాయిడ్‌కు మూలమైన జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ క్రోమోజోమ్ అదనంగా ఉండే డౌన్ సిండ్రోమ్‌లో 40 ఏళ్లకే మెదడులో అమిలాయిడ్ మచ్చలు కనిపిస్తాయి.

అపోహ: కొత్త ఇంజెక్షన్లతో పోయిన జ్ఞాపకాలు తిరిగొస్తాయి.

వాస్తవం: రావు. జబ్బు తొలిదశలో ఉన్న సుమారు 1,800 మందిపై 18 నెలలు జరిగిన లెకానెమాబ్ (అమిలాయిడ్‌ను తొలగించే ఇంజెక్షన్) ట్రయల్‌లో మందు తీసుకున్న గుంపూ, ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపూ రెండూ దిగజారాయి, మందు తీసుకున్నవాళ్లు కాస్త నెమ్మదిగా. 27 శాతమని వార్తల్లో చదివింది ఇదే. జ్ఞాపకశక్తిని, రోజువారీ పనులను కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద ఆ తేడా 0.45. మెదడులో వాపు, సూక్ష్మ రక్తస్రావాలు రావచ్చు కాబట్టి పదేపదే ఎం.ఆర్.ఐ. తప్పదు. దీన్ని అద్భుతమనేవాళ్లతోనూ, దండగ అనేవాళ్లతోనూ నాకు పేచీయే.

అపోహ: ట్రయల్ ఫెయిలైతే ఆ ఏళ్లన్నీ వృథా.

వాస్తవం: అమిలాయిడ్‌పై పనిచేసే ఏఎన్-1792 అనే టీకా తీసుకున్నవాళ్లలో సుమారు 6 శాతం మందికి మెదడువాపు రావడంతో దాన్ని 2002లో ఆపేశారు. తర్వాత, చనిపోయిన కొందరి మెదడును పరీక్షిస్తే మచ్చలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అయినా వాళ్లకు చివరిదాకా జబ్బు ముదురుతూనే వచ్చింది. లక్షణాలు బయటపడటానికి 15-20 ఏళ్ల ముందే అమిలాయిడ్ చేరడం మొదలవుతుంది. అంటే మందు ఆలస్యంగా వెళ్లిందేమో. మెదడులో అమిలాయిడ్ ఉండి, ఇంకా మతిమరుపేమీ లేనివాళ్లకు మందిచ్చి చూసే ట్రయల్స్ మొదలైంది అందుకే.