మామూలు వాన అంటే ఏ ముప్పై ఏళ్ల వాన?

‘జిల్లాలో సాధారణ వర్షపాతం’ అని పేపర్లో రాశారు, మా బోరు మాత్రం ఎండిపోయింది, ఏది నిజం అని ఉదయగిరి వైపు నుంచి ఒక పాఠకుడు అడిగారు. రెండూ నిజం కావచ్చు.

లోటు శాతంతో కరువు తేలదు. జూలైలో 40 శాతం లోటంటే కనిగిరి కంది రైతుకి పెద్ద దెబ్బ. నెల్లూరు తీరానికి ఏటి వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే వస్తుంది కాబట్టి, అక్కడ జూలై లోటు అంత బాధించదు. శ్రావణంలో కప్పతల్లిని ఊరేగించే వాళ్లకి ముందు ఈ తేడా చెప్పాలని, బళ్లో కూడా ఇదే నేర్పాలని నా కోరిక.

ఈ తేడాని పట్టే కొలత ఒకటుంది. 1993లో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెక్‌కీ, డోస్కెన్, క్లైస్ట్ అనే ముగ్గురు ప్రామాణిక వర్షపాత సూచికని, అంటే ఎస్‌పీఐని తయారుచేశారు. అది క్లాసులో ర్యాంకు లాంటిది. ఒకే చోట, ఒకే సీజనులో, కనీసం ముప్పై ఏళ్లు పడ్డ వానల్ని ఒక క్లాసుగా కూర్చోబెడతాం, మిల్లీమీటర్లే మార్కులు. వాన సున్నా కిందికి దిగదు గానీ, 2015 నవంబరులో నెల్లూరుని ముంచినట్టు పైకి ఎంతైనా పోతుంది, అందుకే ఒక పక్కకి సాగిన గామా వక్రరేఖని ఈ మార్కులకి సరిపెట్టి, ఈ ఏటి వాన లేదా అంతకన్నా తక్కువ పడే సంభావ్యతని తీసి, దాన్ని గంట ఆకారపు వక్రరేఖ మీదికి మారుస్తారు. సున్నా వస్తే నడిమి ర్యాంకు. మైనస్ 1 కన్నా కిందికి సుమారు ఆరేళ్లకోసారి పడిపోతుంది, మైనస్ 2 కిందికి నలభై ఏళ్లు దాటితే గానీ ఒకసారి రాదు. పైరుకి మూడు నెలల వానతో ర్యాంకు వేస్తారు, బోర్లకీ సోమశిల లాంటి రిజర్వాయర్లకీ 12, 24 నెలల వానతో. ఆ పాఠకుడి ఊళ్లో మొదటిది బాగుండి, రెండోది అడుగున ఉండొచ్చు.

ఇప్పుడు వాతావరణమే మారుతోంది, అంటే క్లాసే మారుతోంది. పిల్లలంతా నీరసపడితే పాత క్లాసులో ఆఖరున ఉండాల్సినవాడు కొత్త క్లాసులో మధ్యలోకి వస్తాడు, వాడి మార్కులు మాత్రం పెరగలేదు. 1961–90తో పోల్చినప్పుడు కరువు అనిపించుకున్న ఏడాది, 1991–2020తో పోల్చితే మామూలుదైపోవచ్చు. దశాబ్దానికోసారి క్లాసుని మారుస్తూ పోతే, ఎండుతున్న ఊరి ధోరణి లెక్కలోంచే జారిపోతుంది. కాబట్టి ధోరణి కొలిచేటప్పుడు క్లాసుని ఒకచోట బిగించి ఉంచాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, 12 నెలల సూచికలో పక్కపక్క నెలల విలువలకి 11 నెలల వాన ఉమ్మడి, దాన్ని సవరించకుండా, ధోరణి ఉందో లేదో తేల్చే మాన్-కెండాల్ పరీక్ష పెడితే లేని ధోరణి కూడా ఉన్నట్టు చూపిస్తుంది.

ఎస్‌పీఐకి ఎండ తెలియదు. వాన అంతే పడినా, వేడి పెరిగితే గాలి నేలనుంచి ఎక్కువ తేమ పీలుస్తుంది. అందుకే 2010లో స్పెయిన్ శాస్త్రవేత్త విసెంటె-సెరానో బృందం వానలోంచి ఆవిరయ్యే అవకాశమున్న నీటిని తీసేసి, మిగిలినదానికి ర్యాంకు వేసింది. అదే ఎస్‌పీఈఐ. మార్కాపురం ఎండల్లో బోరు వేసే ముందు చూడాల్సింది ఈ ఎస్‌పీఈఐ ర్యాంకునే, అది కూడా ఏ ఏళ్లతో పోల్చారో పక్కనే రాసి ఉంటేనే.