గ్రహణం రోజు గర్భిణి మంచినీళ్లు తాగితే ఏమవుతుంది?

గ్రహణం వస్తోందంటే చాలు, నా ఫోను మోగడం మొదలవుతుంది. టెలిస్కోపు కారులో వేసుకుని హైదరాబాదులో స్కూళ్లకూ అపార్ట్‌మెంట్ల మేడల మీదికీ తిరుగుతూ ఆకాశం చూపించడం నా పని. ఏ దిక్కున కనిపిస్తుంది, ఎన్నింటికి మొదలవుతుంది అని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్లది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "మా కోడలికి ఏడో నెల సార్. కదలకుండా పడుకోబెట్టాలా? నీళ్లయినా తాగనివ్వొచ్చా?"

అందుకని ముందు దీని సంగతే తేల్చేస్తాను. ఆకాశం గురించిన మిగతా అపోహలకు తలా రెండు ముక్కలు చాలు.

అపోహ: గర్భిణి గ్రహణం చూసినా, ఆ వేళలో అటూ ఇటూ కదిలినా, కత్తిపీట ముట్టుకున్నా పుట్టబోయే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుంది.

వాస్తవం: రాదు.

చంద్రగ్రహణమంటే చంద్రుడి మీద భూమి నీడ పడటం. ఆ నీడ గ్రహణం రోజున కొత్తగా పుట్టుకొచ్చేది కాదు. భూమి వెనకాల దాదాపు 14 లక్షల కిలోమీటర్ల పొడవున ఎప్పుడూ ఉండేదే. మనం రోజూ రాత్రి అన్నం తిని నిద్రపోయేది కూడా ఆ నీడలోనే. భూమి కక్ష్యతో పోలిస్తే చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి చాలా పౌర్ణములకు ఆయన ఆ నీడకు పైనుంచో కిందనుంచో వెళ్లిపోతాడు. ఆ రెండు కక్ష్యల తలాలూ కలిసే చోట పౌర్ణమి పడితే నీడలోకి దిగుతాడు. ఆ కలిసే చోట్లనే మనవాళ్లు రాహువు, కేతువు అన్నారు. గ్రహణం నీడ వల్లనే వస్తుందని ఆర్యభటుడు పదిహేను వందల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు.

"మరి గ్రహణం వేళ వచ్చే ఆ చెడు కిరణాల సంగతేంటి?" అంటారు. ఏ కిరణాలండీ? చంద్రుడి నుంచి మనకు వచ్చేదే సూర్యుడి వెలుగు. గ్రహణంలో అది మామూలు పౌర్ణమి కన్నా తగ్గుతుంది గానీ పెరగదు. ఎర్రగా కనిపించేది కూడా భూమి గాలి పొరల్లోంచి వంగి వెళ్లిన సూర్యకాంతే. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి సూర్యాస్తమయం చూసే గర్భిణి మీద పడే ఎరుపూ అదే.

నేను డాక్టర్ని కాను. అయినా ఇన్ని ఫోన్లు వస్తుంటే మొర్రి గురించి చదవక తప్పలేదు. గర్భంలో బిడ్డ పెదవి తయారయ్యేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. అంగిలి తొమ్మిదో వారానికల్లా మూసుకుంటుంది. ఏడో నెలలో కోడలు వంకాయ తరిగిందని ఎప్పుడో అతుక్కుపోయిన పెదవి మళ్లీ చీలదు. వంశపారంపర్యం, పొగ తాగడం, గర్భానికి ముందు నుంచే ఉన్న షుగర్, మూర్ఛకు వాడే కొన్ని మందులు లాంటివి మొర్రి వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. చాలామందిలో ఫలానా అని ఒక్క కారణం చెప్పలేరు. అలా చెప్పలేని చోటే గ్రహణం దూరి కూర్చుంది. బిడ్డకు మొర్రి ఉందని తెలియగానే "ఆ రోజు బయటికి వచ్చావు కదూ" అని తల్లిని నిలదీసిన ఇళ్లు నాకు తెలుసు. మొర్రికి ఆపరేషన్ ఉంది, బాగవుతుంది. ఆ మాట మాత్రం ఆమె మనసులోంచి పోదు.

2024 ఏప్రిల్ 8న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం డాలస్ మీదుగానే వెళ్లింది. అక్కడ మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పాలా? పట్టపగలు కుర్చీలు వేసుకుని కూర్చుని మరీ చూశారు. ఇక్కడేమో అత్తగారు కిటికీలకు దుప్పట్లు కడుతుంది.

దుప్పట్లు కడితే కట్టండి, నాకేం అభ్యంతరం లేదు. నా కోపమంతా పస్తు మీద. 2025 సెప్టెంబరు 7 గ్రహణమే తీసుకోండి. నీడ పట్టింది రాత్రి 9.57కి, విడిచింది 1.26కి. కానీ తొమ్మిది గంటల ముందు నుంచే సూతకం అన్నారు కాబట్టి చాలా ఇళ్లలో మధ్యాహ్నం ఒంటిగంటకే వంటింటి తలుపు మూశారు. అంటే పన్నెండున్నర గంటలు. నిండు గర్భిణికి అన్నం లేదు, నీళ్లు లేవు, బాత్రూంకి వెళ్లడానికి కూడా భయం. ఒంట్లో నీరు తగ్గితే కళ్లు తిరగొచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు, నెలలు నిండకుండానే నొప్పులు మొదలైనట్టు అనిపించవచ్చు. ఇన్సులిన్ తీసుకునే ఆమె అన్నం మానేస్తే అది ఇంకా ప్రమాదం.

ఆ రాత్రి ఎల్‌బీ నగర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ మేడ మీద టెలిస్కోపు పెట్టాను. వినాయక నిమజ్జనం మొదలైన మర్నాడు. జనం బాగానే వచ్చారు. ఒకాయన మాత్రం కళ్లు టెలిస్కోపుకి ఆనించకుండా "ఎప్పుడు వదులుతుంది సార్" అని మాటిమాటికీ అడుగుతున్నాడు. సంగతేంటంటే కింద రెండో అంతస్తులో భార్య. ఎనిమిదో నెల, గర్భంతో వచ్చిన షుగర్, ఇన్సులిన్. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదట, ఒళ్లు చెమటలు పడుతున్నాయట. "నన్ను అడగడం కాదు, ముందు ఏదైనా తీపి తాగించి మీ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి" అన్నాను. ఆవిడ ఫోన్లో పెట్టిన చీవాట్లు స్పీకరు లేకుండానే మాకందరికీ వినిపించాయి. చక్కెర నీళ్లు, తర్వాత పెరుగన్నం. పదకొండు దాటాక చంద్రుడు పూర్తిగా రాగిరంగులోకి మారినప్పుడు ఆ అమ్మాయి మెల్లగా మెట్లెక్కి పైకి వచ్చింది. వెనకే అత్తగారు. ఐపీసులో కన్ను పెట్టి చాలాసేపు చూసి "ఇంతేనా సార్?" అంది. అంతేనమ్మా.

అత్తగారు అంత తేలిగ్గా లొంగలేదు. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టానని, గ్రహణం పట్టింది కాబట్టే అది నిలబడిందని అన్నారు. రోకలి అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుందమ్మా, రేపు మిట్టమధ్యాహ్నం పెట్టి చూడండి అన్నాను. మర్నాడు వాళ్లబ్బాయి ఫొటో పంపాడు: వంటింట్లో గచ్చు మీద రోకలి, పక్కన గోడ గడియారంలో పన్నెండుంబావు.

కాబట్టి పెద్దవాళ్లతో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. దర్భలు వేసుకోండి, పట్టు విడుపు స్నానాలు చెయ్యండి, గుడికి వెళ్లండి. గర్భిణికి మాత్రం వేళకి అన్నం, నీళ్లు, మందులు పడాలి. నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా గ్రహణం విడిచేదాకా ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఇక మిగతావి.

ఆగస్టు 27న అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడని వాట్సాప్‌లో ఏటా వస్తుంది. 2003లో అంగారకుడు 5.58 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. అప్పటి మెయిల్ ఇంకా చావలేదు. అప్పుడు కూడా కంటికి ఎర్రటి చుక్కే.

చంద్రయాన్-3 దిగింది చంద్రుడి అవతలి వైపు కాదు. మనకు కనిపించే వైపే, దక్షిణ ధ్రువానికి దగ్గరగా. అవతలి వైపు ఎప్పుడూ చీకటిగా ఉంటుందన్నదీ తప్పే. మనకు అమావాస్య అయితే అక్కడ పట్టపగలు.

రాకేశ్ శర్మ చంద్రుడి మీదికి వెళ్లలేదు. 1984లో సల్యూట్-7 అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చారు. మన నిజాం కాలేజీలో చదివినాయన, ఇక్కడి పిల్లలకైనా తెలియాలి.

ఒక్క విషయంలో మాత్రం భయం ఉండాల్సిందే, అది సూర్యగ్రహణం చూసేటప్పుడు కళ్ల గురించి. గర్భిణులకే కాదు, అందరికీ. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదుకి దగ్గర్లోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర సంపూర్ణ గ్రహణం పడితే శాస్త్రవేత్తలు టెలిస్కోపులతో అక్కడికి చేరారు, నగరంలో మాత్రం రోడ్లు ఖాళీ అని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు జనం బయటికి వస్తున్నారు, సంతోషమే, కానీ చేతిలో ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని వస్తున్నారు. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టిన గాజు, నల్ల కళ్లజోడు, పసుపు నీళ్ల పళ్లెం ఏవీ పనికిరావు. రెటీనా కాలినా నొప్పి తెలియదు, కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ తెలుస్తుంది. ఐఎస్‌ఓ 12312-2 (సూర్యుణ్ణి నేరుగా చూసే అద్దాలకు అంతర్జాతీయ ప్రమాణం) అని రాసి ఉన్న గ్రహణం కళ్లద్దాలు కొనుక్కోండి. పెట్టుకుంటే సూర్యుడు తప్ప ట్యూబ్‌లైటు కూడా మామూలుగా కనిపించకూడదు, కనిపిస్తే అవి నకిలీవి. కొనలేకపోతే జల్లెడ ఎండలో పట్టుకుని దాని నీడ చూడండి, ప్రతి చిల్లులోంచీ ఒక నెలవంక నేల మీద పడుతుంది. 2027 ఆగస్టు 2 సాయంత్రం మన దేశంలో చాలా చోట్ల పాక్షిక సూర్యగ్రహణం ఉంది. కళ్లద్దాలు జులైలోనే తెప్పించుకోండి, చివరి వారంలో అసలువి దొరకవు.