స్నానం చేస్తే దద్దుర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: హాస్టల్ బోరు నీళ్లు పడక దద్దుర్లు వస్తున్నాయి, ఇంటి నీళ్లయితే రావు.

వాస్తవం: స్నానం చేసిన ప్రతిసారీ ఒంటిపై దద్దుర్లు లేస్తున్నాయని అమ్మాయిని మా దగ్గరకు తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో కొందరు ఒక సీసాలో హాస్టల్ నీళ్లు కూడా పట్టుకొస్తారు. ఆ సీసాతో మాకు పెద్దగా పని ఉండదు. 1964లో షెల్లీ, రాన్స్‌లీ అనే వైద్యులు తొలిసారి వర్ణించిన ఆక్వాజెనిక్ అర్టికేరియా (నీరు తగిలితే వచ్చే దద్దుర్లు) ఉన్నవారికి బోరు నీరైనా, వాన నీరైనా, కొందరికి సొంత చెమటైనా సరే, తగిలిన చోట దద్దుర్లు వస్తాయి. సముద్రపు నీటికి మాత్రమే ఎక్కువగా స్పందించేవారూ కొద్దిమంది ఉన్నారు. ఇది చాలా అరుదైన సమస్య. ఎక్కువగా యుక్తవయసులో, అబ్బాయిల కంటే అమ్మాయిలలో మొదలవుతుంది.

అపోహ: స్నానం తర్వాత దద్దుర్లు వచ్చాయంటే అది నీటి ఎలర్జీయే.

వాస్తవం: చాలామందిలో అసలు కారణం నీరు కాదు. చన్నీళ్లకే వస్తే చలివల్ల, వేడినీళ్లకూ వ్యాయామానికీ వస్తే ఒళ్లు వేడెక్కడం వల్ల, తువ్వాలుతో గట్టిగా తుడిచిన చోట చారలుగా లేస్తే రాపిడివల్ల వచ్చిన దద్దుర్లని అనుమానించాలి. అందుకే ఒంటి వేడికి దగ్గరగా, సుమారు 35 డిగ్రీల నీటిలో తడిపిన గుడ్డను ఛాతీపై 20 నుంచి 30 నిమిషాలు ఉంచి చూస్తాం. గుడ్డ తీసేసరికి వెంట్రుకల మొదళ్ల చుట్టూ ఆవగింజంత బుడిపెలు, వాటి చుట్టూ ఎర్రదనం కనిపిస్తే ఆక్వాజెనిక్ అర్టికేరియా అన్న అనుమానం బలపడుతుంది. ఇవి సాధారణంగా గంటలోపే మాయమవుతాయి కాబట్టి, ఇంట్లో వచ్చినప్పుడే ఫోనులో ఫొటో తీసి తెస్తే మాకు ఎంతో మేలు. దద్దుర్లేమీ లేకుండా దురద మాత్రమే ఉంటే అది వేరే సమస్య. ముఖ్యంగా పెద్దవారిలో రక్తపరీక్ష కూడా చేయించాలి.

అపోహ: స్నానం మానేయాలి, నీళ్లు తగ్గించి తాగాలి.

వాస్తవం: రెండూ అక్కరలేదు. తాగే నీటితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. స్నానం త్వరగా ముగించడం, ముందుగా పెట్రోలియం జెల్లీ రాసుకోవడం, వైద్యుల సలహాతో మత్తు తక్కువగా ఉండే యాంటీహిస్టమిన్ (ఎలర్జీని తగ్గించే) మాత్రలు వాడటం చాలామందికి ఉపశమనాన్నిస్తాయి. ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అయితే యాంటీహిస్టమిన్ మాత్రలు వేసుకుని వస్తే తడిగుడ్డ పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు. వాటిని ఎన్ని రోజుల ముందు ఆపాలో వైద్యులను ముందే అడిగి రండి.