ఒంటిపూట బడుల పిల్లలకు ఒక ఉత్తరం

హన్మకొండ

పిల్లలూ,

ఒంటిపూట బడులు మొదలయ్యాయి కదా. మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఎండలో తిరగనివ్వరు. అందుకే పెరట్లోనో, బాల్కనీలో ఉన్న నాలుగు కుండీల దగ్గరో చేసే పని చెబుతాను. పిట్టలకు ఏం కొనిపెట్టాలని మీలో కొందరు అడుగుతుంటారు. కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. ఈ రెండు మూడు నెలలు పెరడు శుభ్రం చేసే ఉత్సాహం పెద్దవాళ్లు కాస్త తగ్గించుకుంటే చాలు. ఆ మాట వాళ్లకు మీరే చెప్పాలి, మేం చెబితే వినరు.

మన దగ్గర వసంతం ఎక్కువ రోజులు నిలవదు. మోదుగ పూసి, వేప పూతకొచ్చి, ఉగాది పచ్చడి తినేలోపే ఎండ మాడుస్తుంది. చాలా పిట్టలు గూడు కట్టుకునేది, గుడ్లు పెట్టేది ఈ రోజుల్లోనే. సరిగ్గా ఇప్పుడే మనం పండగ పేరుతో గోడ పక్క పొదలు నరుకుతాం, రాలిన ఆకు ఊడ్చి తగలబెడతాం. పిగిలిపిట్ట, అదే బుల్‌బుల్, ఎక్కడో చెట్టు కొసన గూడు పెట్టదు. మందార పొదలోనో గోరింట కంచెలోనో, చాలాసార్లు మన చేతికందే ఎత్తులోనే పెడుతుంది. దర్జీపిట్ట ఇంకా కిందికి వస్తుంది. వెడల్పాటి ఆకు అంచులకు ముక్కుతో చిల్లులు చేసి, సాలెగూడు దారంతో, దూదితో కుట్టి సంచిలా చేసుకుంటుంది. మన వరంగల్‌లో దూదికి కరువేముంది, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి పోయే రోజుల్లో రోడ్డు పక్కంతా దూదే. కానీ సాలెగూళ్లు ఉండాలి కదా. బూజుకర్ర ఇంట్లో వాడుకోనివ్వండి, చెట్ల మీదికి మాత్రం పోనివ్వకండి. తేనెపిట్ట వేలాడే గూడుకీ ఆ దారమే కావాలి.

పొద కొట్టక తప్పదంటే ముందు కాసేపు దూరంగా కూర్చుని చూడండి. నోట్లో పుల్లో పురుగో పట్టుకుని పిట్ట మాటిమాటికీ ఒకే చోటికి దూరుతుంటే అక్కడ గూడున్నట్టే. వానలు పడేదాకా ఆ పొద జోలికి పోకూడదు. గూట్లోకి తొంగిచూసి ఫోన్‌లో ఫొటో తీయాలనిపిస్తుంది. వద్దు. మీరు చూసిన చోటును కాకి కూడా గమనిస్తుంది.

ఇక కరివేపాకు సంగతి. లేత ఆకుల మీద పిట్ట రెట్టలాంటి నల్లటి, తెల్లటి మచ్చ కనిపిస్తే గోటితో గీకేయకండి. అది గొంగళిపురుగు. పిట్టలు తనను రెట్ట అనుకుని వదిలేయాలని ఆ వేషం. కొద్దిరోజులకు పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జత బయటికి తీస్తుంది, ఘాటు వాసన వస్తుంది. ఒక్కసారి తాకి వదిలేయండి, ఆటగా పెట్టుకోవద్దు. తర్వాత నడుముకు పట్టుదారం చుట్టుకుని కొమ్మకు అతుక్కుని ప్యూపాగా మారుతుంది. అందులోంచి వచ్చేదే నల్ల రెక్కల మీద పసుపు మచ్చలుండే సీతాకోకచిలుక. నిమ్మచెట్టు మీదా ఇదే పెరుగుతుంది. చారులోకి ఆకులు మిగలవని అమ్మ కోప్పడితే, ఒక కుండీ పురుగుకు, ఒక కుండీ చారుకు అని బేరం పెట్టండి. కరివేపాకు మళ్లీ చిగురిస్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. పిచ్చుకలు గింజలు తింటాయని మనకు తెలుసు. కానీ గూట్లో ఉన్న పిల్లలకు అవి ముందుగా తెచ్చిపెట్టేది మెత్తటి పురుగుల్నే. చూరుకు వరి కంకులు కట్టి, అదే చేత్తో మొక్కలకు పురుగుమందు కొడితే తల్లి కడుపు నిండుతుంది, పిల్లలు పస్తుంటాయి. కంకులు కట్టడం మంచిదే, యాసంగి కోతలప్పుడు ఊరి నుంచి తెప్పించుకోండి. మందు మాత్రం మానాలి. పిచ్చుకలకు చెక్కపెట్టె పెడితే కన్నం ఒకటింపావు అంగుళానికి మించకూడదు, లేకపోతే గోరింకలు దూరుతాయి. పడమటి ఎండ తగలని గోడకు, పిల్లి ఎక్కలేని ఎత్తున కట్టించండి.

రాలిన వేపాకును తగలబెట్టకుండా ఓ మూలకు నెట్టండి. కప్పలు, తొండలు అక్కడే తలదాచుకుంటాయి. ఆ ఆకుల కుప్ప ఇంటి గుమ్మానికి దూరంగా ఉండాలి, చేతులు పెట్టి కెలకకూడదు, పాములూ రావొచ్చు. ఈ రోజుల్లో మగ తొండ మెడ ఎర్రగా అవుతుంది, జత కోసం ఆ రంగు. దానికి రాళ్లేసే పిల్లలంటే నాకు ఒళ్లుమంట.

సంక్రాంతికి తెగిన పతంగుల దారం ఇంకా చెట్లకు వేలాడుతూనే ఉంటుంది. గూటికి నార వెతికే పిట్టల కాళ్లకు అదే చుట్టుకుంటుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది. అందినంత దారం పెద్దవాళ్లతో తీయించి, ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయండి.

పిట్టపిల్ల కింద కనిపిస్తే టెన్షన్ పడకండి. ఈకలొచ్చి గెంతుతుంటే ఎగరడం నేర్చుకుంటోందన్నమాట, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లినీ కుక్కనీ రానివ్వకుండా చూస్తే చాలు. ఈకలు రాకపోతే మెల్లగా గూట్లో పెట్టేయొచ్చు. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది ఉత్తమాట. నోట్లో నీళ్లు, పాలు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నీళ్ల పళ్లెం గురించి మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. మట్టిది, లోతు రెండు అంగుళాలకు మించనిది, నీడలో పెట్టండి. మధ్యలో గులకరాళ్లు వేస్తే తేనెటీగలు మునగకుండా వాటి మీద కూర్చుని తాగుతాయి. రోజూ నీళ్లు పారబోసి, పీచుతో రుద్ది, కొత్తవి పోయాలి. వారం అలాగే వదిలేస్తే దోమలు పెరుగుతాయి.

ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఊరికి పోయేముందు పక్కింటివాళ్లకు ఆ పళ్లెం అప్పజెప్పండి. అలవాటుపడ్డ పిట్టలు మే నెలలోనూ అక్కడికే వస్తాయి.

ఇట్లు,
మీ తాతయ్య