గట్టు నీళ్లలో నత్త, గొర్రె కార్జంలో జలగ: గంజాం సరిహద్దులో ఒక పాత జబ్బు నేపథ్యం

సంక్రాంతి వెళ్లి చలి తగ్గే రోజులకి ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో గొర్రెలు కాసే తెలుగు ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: దవడ కింద నీరు దిగింది. సాయంత్రం మంద ఇంటికొచ్చేసరికి గొర్రె దవడ కింద మెత్తగా నీరు నిండి వేలాడుతుంది. రోజంతా తల దించి మేసింది కదా, నీరంతా అక్కడికి చేరుతుంది. తెల్లారేసరికి కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గింది కదా అని మళ్లీ మేతకు తోలేస్తారు. కనురెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. అప్పటికే ఒంట్లో రక్తం చాలావరకు పోయి ఉంటుంది. కొన్ని కోలుకుంటాయి, కొన్ని చచ్చిపోతాయి, మిగతావాటిని సంతలో వచ్చిన కాడికి అమ్మేస్తారు.

కడుపులో రక్తం పీల్చే సన్న పురుగుల వల్ల కూడా దవడ కింద నీరు దిగుతుంది కాబట్టి పెంటికల పరీక్ష చెయ్యకుండా తేల్చి చెప్పలేం. కానీ చెరువుల కింద, కాలువల వెంబడి మేసే మందల్లో ముందు అనుమానించాల్సింది కార్జపు జలగల్నే (లివర్ ఫ్లూక్; నీళ్లలో ఒంటికి పట్టే మామూలు జలగ కాదు). చాలాసార్లు దాన్ని మొదట కళ్లారా చూసేది డాక్టర్ కాదు, మాంసం కొట్టేవాడు. కార్జాన్ని అడ్డంగా కోస్తే పిత్తనాళాలు దళసరిగా, గట్టిపడి కనిపిస్తాయి. నొక్కితే చిక్కటి గోధుమరంగు ద్రవంతో పాటు చదునుగా, ఆకు ఆకారంలో ఉన్న పురుగులు బయటికొస్తాయి. మన ప్రాంతంలో ఉండే రకం రెండున్నర నుంచి ఏడున్నర సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. అలాంటి కార్జాన్ని పక్కన పడేస్తారు. పిత్తంలో గుడ్లు ఉంటాయన్నది తెలియక, పిత్తం తిత్తితో సహా దాన్ని చెరువు గట్టున పారేసే ఊళ్లు కూడా ఉన్నాయి.

ఈ పురుగు ఎక్కణ్ణుంచి వస్తుందన్నది 1883 నాటికే తేలిపోయింది. అయినా ఇప్పటికీ మనం గొర్రె నోట్లో మందు పోసి ఊరుకుంటున్నాం, నీళ్ల వైపు చూడటం లేదు. ఇన్నేళ్ల ఈ నిర్లక్ష్యం నాకు బాధ కలిగిస్తుంది. దానికి కారణాలు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

గొర్రెల కార్జంలో ఈ పురుగులు ఉంటాయని యూరప్ కాపరులకి శతాబ్దాలుగా తెలుసు. 1758లో లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం కూడా పెట్టాడు. కానీ అది గొర్రె లోపలికి ఎలా చేరుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. 1879-80లో ఇంగ్లండ్‌లో వానలు విపరీతంగా పడి, ఈ జబ్బుతో దాదాపు 30 లక్షల గొర్రెలు చనిపోయాయని అంచనా. అప్పుడు గానీ అక్కడి రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ డబ్బు పెట్టి పరిశోధన చేయించలేదు. ఆ పని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఆల్జర్నన్ థామస్ అనే యువకుడి చేతికొచ్చింది. ఏదో ఒక నత్తలో ఈ పురుగు పెరుగుతుందని అనుమానం ఉన్నా, ఏ నత్తన్నది తేల్చాలి. తనకి కావలసిన చిన్న నత్త సరిపడా దొరక్క చాలాకాలం ఇబ్బంది పడ్డాడు. 1882 జులైలో అక్కడి నదికి వరదొచ్చి, ఆ నత్తల్ని గడ్డి మైదానాల మీదకి కుప్పలుగా తెచ్చిపడేసింది. దాంతో పరిశోధన ముందుకి సాగింది. అదే కాలంలో జర్మనీలో రుడాల్ఫ్ లూకార్ట్ కూడా విడిగా అదే నిర్ధారణకి వచ్చాడు. పరాన్నజీవి ఒకటి నత్తలో సగం బతుకు, పశువులో సగం బతుకు గడుపుతుందని మొదటి నుంచి చివరి వరకు చూపించగలగడం అదే మొదలు. గడ్డి మీద అంటుకున్న, పురుగు పిల్లలుండే తిత్తుల్ని మేయడం వల్లే పశువుకి సోకుతుందని ఆ తర్వాత పదేళ్లకి హవాయిలో అడాల్ఫో లుట్జ్ ప్రయోగాలతో రుజువు చేశాడు.

ఆ చక్రం ఇలా తిరుగుతుంది. జలగ పెట్టిన గుడ్లు పిత్తంతో పేగుల్లోకి, అక్కణ్ణుంచి పేడలోకి వస్తాయి. పేడ నీళ్లలో పడితే మన వేడికి రెండు మూడు వారాల్లో గుడ్డు పగిలి, కంటికి ఆనని పిల్ల బయటికొస్తుంది. దానికి ఉన్న టైం దాదాపు ఒక్కరోజు. ఆలోగా తగిన నత్త దొరక్కపోతే చచ్చిపోతుంది. దొరికితే మాత్రం లోపలికి దూరి, కొన్ని వారాల్లో ఒకటి వందలవుతుంది. అవి తోకలతో ఈదుతూ నత్త నుంచి బయటపడి, నీటి అంచున ఉన్న గడ్డికీ వరి దుబ్బుల అడుగుభాగానికీ అతుక్కుని, చుట్టూ తిత్తి కట్టుకుని కూర్చుంటాయి. తేమ ఉంటే నెలల తరబడి బతికే ఉంటాయి. గొర్రె ఆ గడ్డి మేస్తే తిత్తి కరిగి, పిల్లజలగ పేగు గోడని తొలుచుకుని కార్జంలోకి పోతుంది. అక్కడ వారాలపాటు కండని తింటూ తిరుగుతుంది. గుడ్లు పెట్టే వయసు రావడానికి మన రకానికి కనీసం రెండున్నర నెలలు పడుతుంది. లోపలికి ఒక్కసారే ఎక్కువ పిల్లజలగలు వెళ్లిన గొర్రె ఈలోపే పోవచ్చు. అప్పుడు పెంటికల్లో గుడ్డు ఒక్కటి కూడా కనిపించదు, జబ్బు లేదనుకుంటాం.

ఇంగ్లండ్ జలగా మన జలగా దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. మన వేడి ప్రాంతాల రకాన్ని 1855లో కోబోల్డ్ అనే శాస్త్రవేత్త ఒక జిరాఫీ కార్జంలో చూసి వర్ణించాడు. దాన్ని మోసే నత్త కూడా వేరు. ఇంగ్లండ్ నత్త బురదలో బతికే చిన్న రకం. మనది చెరువులో, కాలువలో, వరిమడిలో నిలవనీటిలో ఉండేది. పలచని, వెలుగు సోకితే లోపల కనిపించే గుల్ల, వెడల్పాటి నోరు, ముక్కోణపు కొమ్ములు. గుల్ల నోటికి మూత ఉండదు. ఇక్కడి వాళ్లు ఏరుకుని కూర వండుకునే పెద్ద నత్తలకి మూత ఉంటుంది, అవి వేరే జాతులు. వాటి మీద ఈ నేరం మోపకూడదు. చక్రంలా చదునుగా చుట్టుకున్న ఇంకో నత్త కూడా అదే నీళ్లలో ఉంటుంది. అది వేరే జలగల్ని మోస్తుంది. పశువుల ముక్కులో చేరి గురక పెట్టించే పురుగు వాటిలో ఒకటి, దాన్ని 1933లో మద్రాసులో ఎం.ఎ.ఎన్.రావు వర్ణించారు.

ఆ కాలానికి గంజాం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఆ పక్కకి వెళ్లాయి, ఇచ్ఛాపురం ఈ పక్కన ఉండిపోయింది. చుట్టాలు, సంతలు, మందల దారులు మాత్రం గీతని పట్టించుకోలేదు. గంజాం మేక, గంజాం గొర్రె అని దేశం గుర్తించిన జాతులున్నాయి. ఆ మేకల్ని తరతరాలుగా పెంచుతున్నది ఎక్కువగా గొల్లలే, వాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కోతలయ్యాక పొలాల్లో మంద కట్టి ఎరువు వెయ్యడం, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ గెడ్డల వెంట నడవడం వాళ్ల బతుకు. మంద ఈ రాత్రి ఒక రాష్ట్రంలో, రేపు రాత్రి ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. మందు వేసే శిబిరం రెండు వైపులా ఒకేసారి జరగకపోతే, వేయించుకున్న మందకీ వేయించుకోని మందకీ తాగడానికి అదే చెరువు.

ప్రభుత్వం దృష్టి ఇటు పడకపోవడానికి ఒక న్యాయమైన కారణమే ఉంది. అప్పట్లో పశువుల జబ్బంటే అందరికీ గుర్తొచ్చేది ముసర వ్యాధి. అది ఊళ్లకి ఊళ్లని ఖాళీ చేసేది. పశువుల తెగుళ్ల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ 1871లో ఇచ్చిన నివేదికకి ప్రధాన కారణం అదే, తర్వాత ముక్తేశ్వర్‌లో స్థిరపడిన ప్రయోగశాల ముఖ్యంగా పోరాడింది దాని మీదే. 1954లో దేశవ్యాప్త నిర్మూలన మొదలుపెట్టి, 1995లో చివరి కేసు చూసి, ముసర లేని దేశంగా 2006లో గుర్తింపు తెచ్చుకున్నాం. గొప్ప విజయం. తర్వాత వంతు గాలికుంటు వ్యాధిది, పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్‌ది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం ఆ రెంటి కోసమే. జలగ జబ్బుకి టీకా లేదు, ఒక్కసారిగా ఊరంతా చావదు, పేపర్లో రాదు. పాలు తగ్గుతాయి, చూడి నిలవదు, గొర్రె బరువు పెరగదు. నష్టం చిన్న చిన్న మొత్తాల్లో, చిన్న చిన్న ఇళ్లకి జరుగుతుంది.

ఈలోగా నీళ్లు పెరిగాయి. 1866 కరువు తర్వాతి దశాబ్దాల్లో గంజాంలో రుషికుల్య కాలువలు తవ్వారు. ఆకలి తీర్చిన పని అది, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు నిలవనీరు ఉండే చోటు నత్తకి కూడా అనుకూలమే. మరోవైపు మెట్ట మీది బంజరు జీడితోటలు, సరుగుడు తోటల కిందకి పోయింది. పైన మేత లేక మంద కిందకి దిగింది. నీరు తగ్గేకొద్దీ చెరువు గర్భంలో పచ్చగా మొలిచే గడ్డి చలికాలం చివర్లో కాపరికి దొరికే ఒకే ఒక్క మంచి మేత. తిత్తులు ఎక్కువగా ఉండేది ఆ గడ్డి మీదే. అక్కడ మేపాడని కాపరిని తిట్టేవాళ్లు వేరే చోటు ఎక్కడుందో కూడా చూపించాలి.

మందుల సంగతి కొంత చెప్పుకోవాలి. 1920ల్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ తాగించేవాళ్లు. అది జలగని చంపేది, కార్జాన్నీ దెబ్బతీసేది. 1960ల్లో వచ్చిన ఆక్సీక్లోజనైడ్ చాలా నయం, ఇప్పటికీ మన దగ్గర ఎక్కువగా వాడేది అదే. కానీ అది పెద్ద జలగల మీదే బాగా పనిచేస్తుంది, కార్జంలో తిరిగే పిల్లల్ని వదిలేస్తుంది. 1983లో వచ్చిన ట్రైక్లాబెండజోల్ పిల్లల్నీ చంపుతుంది, అయితే 1995 నాటికే ఆస్ట్రేలియాలో దానికి లొంగని జలగలు బయటపడ్డాయి. నత్తల మీద మైలుతుత్తం చల్లే పద్ధతి కూడా ఉంది. మన చెరువుల్లో అది కుదరదు. చేపల కోసం చెరువు పాటకిస్తారు, తుత్తంతో చేపలు పోతాయి. పైగా రాగి గొర్రెకి విషం.

మనకి పనికొచ్చే పాఠం జావా నుంచి వచ్చింది. అక్కడా వరిమడులే, ఇదే రకం జలగ, ఇలాంటి నత్తే. కోసిన పచ్చి వరిగడ్డిలో తిత్తులు దాదాపుగా అడుగు భాగంలోనే ఉంటాయని అక్కడి పరిశోధకులు గుర్తించారు. పైన మూడింట రెండొంతులు కోసి మేపమన్నారు, అలా కుదరకపోతే మూడు రోజులు ఎండబెట్టి వెయ్యమన్నారు. పశువుల పాక పక్కనున్న మడిలోకి పచ్చిపేడ పోనివ్వొద్దన్నారు. బాతుల పేడని పశువుల పేడతో కలిపి మడిలో వేస్తే, బాతుల్లో ఉండే ఇంకో పురుగు పిల్లలు అదే నత్తలో చేరి జలగ పిల్లల్ని తినేస్తాయని కూడా చూశారు. ఖర్చు దాదాపు లేని పద్ధతులు ఇవి. సరిహద్దుకి రెండు వైపులా ఊరి చెరువుల్లో బాతులున్నాయి, చేతిలో కొడవళ్లున్నాయి.

మనుషుల మాట కూడా అడుగుతారు. జలగ ఉన్న కార్జం వండుకు తింటే ఈ జబ్బు రాదు. నీటి అంచున పెరిగే ఆకుల్ని పచ్చిగా తినడం, ఆ నీళ్లు అలాగే తాగడం వల్ల మనిషికీ సోకుతుంది. ప్రపంచంలో 24 లక్షల మందికి ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తూటికూరైనా పొన్నగంటికూరైనా ఉడికించి తింటే భయం లేదు.

చెరువు గురించి ఊరంతా కూర్చుని మాట్లాడుకునేది ఏడాదికోసారి, చేపల పాట రోజున. గొర్రెల వాళ్లని కూడా ఆ రోజు పిలవాలి. కార్తీకం నుంచి మాఘం దాకా మంద నీటి అంచుకి దిగకుండా గట్టు బయట తొట్టి కట్టించడం, పాట డబ్బులోంచి ఏడాదికి రెండుసార్లు పెంటికల పరీక్షకీ మందుకీ కొంత పక్కన పెట్టడం అక్కడే రాసుకోవచ్చు. తొట్టెల పనికి ఉపాధి హామీ డబ్బులు ఆంధ్ర వైపు ఇదివరకే వాడారు. పశుసంవర్ధక శాఖలు రెండూ చెయ్యాల్సింది ఒకటే: ఇచ్ఛాపురం వైపు, బరంపురం వైపు మందు శిబిరాలు ఒకే వారంలో పెట్టడం.