సాలిడ్ చెక్క గిటార్లు: కొనేవారి అపోహలు, పనిబల్ల మీది వాస్తవాలు

గిటార్ల మరమ్మతు, సెటప్ నా వృత్తి. హైదరాబాదులోని నా పనిబల్ల మీదికి వచ్చే అకూస్టిక్ గిటార్లలో ఎక్కువ భాగం సుమారు యాభై వేల నుంచి లక్షన్నర రూపాయల ధరవి. కొనేవారికి సందిగ్ధం మొదలయ్యేది కూడా ఈ ధర దగ్గరే, ఎందుకంటే పెద్ద పేరున్న కంపెనీల చవక శ్రేణి, అంతగా పేరు వినబడని కంపెనీల మేలైన శ్రేణి ఇక్కడ ఎదురుపడతాయి. కొనకముందు వచ్చేవారు ఏ బ్రాండు మంచిదని అడుగుతారు. కొన్నాక వచ్చేవారు చూపించే సమస్యలు మాత్రం చాలావరకు చెక్కకు, గాలిలోని తేమకు, మెడ కోణానికి సంబంధించినవే. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలో పుట్టిన అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: ‘సాలిడ్’ అని రాసి ఉంటే గిటారంతా సాలిడ్ చెక్కే.

వాస్తవం: ‘సాలిడ్ టాప్’ అంటే తంత్రుల కింద ఉండే ముందు పలక మాత్రమే సాలిడ్ చెక్క, అంటే పొరలు అతికించనిది, అని అర్థం. అటువంటి గిటార్లలో వెనుక పలక, పక్కలు సాధారణంగా పలుచని పొరలను జిగురుతో అతికించిన లామినేట్. వివరాల పట్టికలో ముందు పలకకు ‘సాలిడ్ స్ప్రూస్’ అని, వెనుక భాగానికి కేవలం ‘మహాగని’ అని రాసి ఉంటే, ఆ రెండో చోట ‘సాలిడ్’ అన్న మాట లేకపోవడాన్నే సమాచారంగా తీసుకోవాలి. ఒకే కంపెనీలో, ఒకే శ్రేణిలో కూడా ఈ తేడా దాగి ఉంటుంది. యమహా ఎల్‌ఎల్6 వెనుక, పక్కలు లామినేట్ రోజ్‌వుడ్ కాగా, చూపుకు దాదాపు అలాగే ఉండే ఎల్‌ఎల్16 పూర్తిగా సాలిడ్. టేలర్ తన 100, 200 శ్రేణులలోని పొరల చెక్కను ‘లేయర్డ్’ అని మర్యాదగా పిలుస్తుంది. మార్టిన్ ఎక్స్ సిరీస్‌లో వాడే హెచ్‌పీఎల్ మన ఇళ్లలో అల్మరాలకు అతికించే సన్‌మైకా జాతి పదార్థం. అదే మార్టిన్ మెక్సికోలో తయారుచేసే డీ-10ఈ మోడల్‌లో వెనుక, పక్కలు సాలిడ్ సపేలే చెక్క. కాబట్టి బ్రాండు పేరు చెప్పి ఊరుకుంటే ఏమీ చెప్పనట్టే; మోడల్ సంఖ్య దాకా వెళ్లాలి.

దుకాణంలో సందేహం వస్తే ముందు పలక మధ్యనున్న సౌండ్‌హోల్ అంచును వెలుతురులో చూడండి. పైన కనిపించే గీతలు అంచు మందంలోంచి కిందిదాకా సాగితే అది సాలిడ్; మధ్యలో వేరే పొర అడ్డంగా కనిపిస్తే లామినేట్. వెనుక పలకకైతే బయట ఉన్న చెక్క రేఖలు, ముడులు లోపలివైపు కూడా అదే చోట ఉన్నాయేమో ఫోన్ టార్చి వేసి పోల్చుకోవచ్చు.

అపోహ: సాలిడ్ అంటే ఒకే చెక్క ముక్క, మధ్యలో అతుకు ఉంటే మోసం.

వాస్తవం: ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి ఏకాండి వీణను ఎరిగిన మనకు ఈ అనుమానం రావడం సహజమే. గిటారు తయారీ పద్ధతి వేరు. ఒక పలకను నిలువునా రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిచి, మధ్యలో అతికిస్తారు. అత్యంత ఖరీదైన గిటార్లలోనూ సాధారణంగా ఈ అతుకు ఉంటుంది.

అపోహ: లామినేట్ ఉన్నదంటే అది నాసిరకం వాద్యం.

వాస్తవం: ధ్వనిలో సింహభాగం ముందు పలకది, దాని లోపల అతికించే బ్రేసింగ్ పట్టీలది. స్పెయిన్‌కు చెందిన గిటార్ల తయారీదారు ఆంటోనియో దె తోర్రెస్ ఈ సంగతిని నిరూపించడానికే 1862లో వెనుక, పక్కలను కాగితపు గుజ్జు అట్టతో చేసి, ముందు పలకను మాత్రం మంచి చెక్కతో నిర్మించిన గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ముందు పలక లామినేట్ అయితే మాత్రం నష్టం నిజంగానే పెద్దది, ఎందుకంటే జిగురు పొరలూ అడ్డపు పొరలూ పలక కంపనాన్ని అణచివేస్తాయి. స్ప్రూస్‌కు ఉన్న విశేషమంతా తక్కువ బరువులో ఎక్కువ బిగువు. ఆ విశేషం పొరల మధ్య నలిగిపోతుంది. కెనడాలోని క్విబెక్‌లో తయారయ్యే సీగల్ ఎస్6 సాలిడ్ సెడార్ ముందు పలక, లామినేట్ చెర్రీ వెనుక, పక్కలతో దశాబ్దాలుగా నిలబడటం ఈ తర్కానికి మంచి ఉదాహరణ. రైళ్లలో, బస్సులలో ప్రయాణించే గాయకులకు నేను తరచుగా ఇటువంటి గిటారునే సూచిస్తాను. ఇంట్లో ఒకచోట ఉండి, తేమను గమనించే ఓపిక ఉన్నవారికైతే పూర్తి సాలిడ్ గిటారులోని ధ్వని గాంభీర్యం, అనునాదాల నిండుదనం పెట్టిన డబ్బుకు తగినవే.

అపోహ: రోజ్‌వుడ్ గిటారు తప్పనిసరిగా మహాగని గిటారు కంటే మేలు.

వాస్తవం: భారతీయ రోజ్‌వుడ్ అంటే మన అడవుల జిట్టేగి. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై 1969లో మార్టిన్ కంపెనీ భారతీయ రోజ్‌వుడ్‌కు మారినప్పటి నుంచి ప్రపంచపు మేలైన గిటార్ల వెనుక మన దక్షిణాది చెక్క ఉంటోంది, అది మనం గర్వపడదగిన విషయమే. కానీ ధ్వని మాటకు వస్తే, 2018లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ పరిశోధనలో వెనుక చెక్క మాత్రమే వేరుగా, మిగతాదంతా ఒకేలా నిర్మించిన ఆరు గిటార్లను 52 మంది గిటారిస్టులకు చెక్క కనిపించకుండా ఇచ్చి వాయింపజేశారు. బ్రెజిల్ రోజ్‌వుడ్, భారతీయ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలే, వాల్‌నట్ అన్నిటికీ వచ్చిన మార్కులు దాదాపు సమానం. అంత మాత్రాన రెండు గిటార్లు ఒకేలా మోగుతాయని నేను అనను. అవి వేరువేరుగా మోగడానికి కారణం చాలావరకు ముందు పలక, బ్రేసింగ్, పెట్టె ఆకారం. మధ్యస్థ ధరలో రోజ్‌వుడ్ కోసం అదనంగా ఇచ్చే డబ్బు ఎక్కువగా కంటికి ఇంపు కోసమేనని తెలిసి ఇస్తే తప్పు లేదు.

అపోహ: చైనాలో చేసినది కొనకూడదు, అమెరికా పేరుంటే అమెరికాలోనే చేస్తారు.

వాస్తవం: అమెరికా కంపెనీలైన మార్టిన్ చవక శ్రేణులు మెక్సికోలోని నవొహోవాలో, టేలర్ చవక శ్రేణులు అదే దేశంలోని తెకాతేలో తయారవుతాయి. మరోవైపు 1992లో వయొలిన్లతో మొదలై, బీజింగ్ కార్ఖానాలో చేతిపనికి ప్రాధాన్యం ఇచ్చిన ఈస్ట్‌మన్, ఈ1 శ్రేణి నుంచే పూర్తి సాలిడ్ గిటార్లు ఇస్తోంది. నేను విప్పి చూసిన ఈస్ట్‌మన్ గిటార్లలో బ్రేసింగ్ పని చక్కగా ఉంది. వార్నిష్ మాత్రం పలుచన, గీతలు త్వరగా పడతాయి. యమహా విషయంలో నా అభిప్రాయం ఏమిటంటే, పది గిటార్లు వరుసగా తీస్తే పదీ దాదాపు ఒకేలా ఉంటాయి, కాబట్టి చూడకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకోక తప్పనివారికి అది భద్రమైన దారి. బ్రాండుకు నేనిచ్చే విలువ అంతవరకే.

అపోహ: మంచి చెక్క అయితే వాతావరణం ఏమీ చేయదు.

వాస్తవం: సాలిడ్ చెక్కే ఎక్కువ కదులుతుంది. గిటార్లను సుమారు 45 నుంచి 50 శాతం సాపేక్ష తేమ ఉన్న గదులలో కడతారు. చెక్క నిలువు పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. అడ్డంగా అతికించిన బ్రేసింగ్ పట్టీలు ఆ కదలికను అడ్డుకోవడంతో పలక వంగుతుంది, మరీ ఎండితే చీలుతుంది. విశాఖపట్నంలో వానాకాలంలో ముందు పలక ఉబ్బి తంత్రులు పైకి లేస్తాయి. హైదరాబాదు ఏప్రిల్ మధ్యాహ్నాలలో, అందులోనూ ఏసీ గదిలో, అదే పలక కుంగి తంత్రులు మెడ మీది లోహపు అడ్డ పట్టీలైన ఫ్రెట్లకు తగిలి జరజరమంటాయి. ఫ్రెట్ల కొసలు బోర్డు అంచు దాటి వేలికి గుచ్చుకుంటాయి.

ఈ పాఠం నేను ఒక వినియోగదారుడి ఖర్చుతో నేర్చుకున్నాను. వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్లలో ఒక ఆగస్టులో తంత్రులు ఎత్తుగా ఉన్నాయని తెచ్చిన సాలిడ్ గిటారుకు సాడిల్‌ను, అంటే ముందు పలక మీది బ్రిడ్జిలో తంత్రులను మోసే సన్న పట్టీని, అరగదీసి ఇచ్చాను. మరుసటి ఏప్రిల్‌లో ఆయన తిరిగి వచ్చేసరికి పలక మామూలు స్థితి కంటే కిందికి దిగి, ఏ ఫ్రెట్ మీద నొక్కినా శబ్దం చెడింది. కొత్త ఎముక సాడిల్ నా ఖర్చుతో చేసి ఇచ్చాను. అప్పటి నుంచి ముందు తేమను కొలవకుండా, గిటారును కొన్ని రోజులు తగిన తేమలో ఉంచకుండా సాడిల్ ముట్టను. తేమను కొలిచే కొన్ని వందల రూపాయల హైగ్రోమీటరును గిటారును దాచే కేసులో ఉంచి, అంకె 40 కంటే దిగితే తేమ సంచి, 60 దాటితే సిలికా జెల్ పెట్టడం కొన్నవారి పని.

అపోహ: ఇప్పుడు మొద్దుగా మోగినా, వాయించగా వాయించగా ‘తెరుచుకుంటుంది’.

వాస్తవం: చెక్క వయసుతో కొంత మారుతుంది; యమహా ఏ.ఆర్.ఈ. వంటి ప్రక్రియలు ఆ మార్పునే ముందుగా తెచ్చే ప్రయత్నాలు. అయితే మందపు పలక, బరువైన బ్రేసింగ్ వాయించడంతో పలుచబడవు. ఈ రోజు నచ్చని ధ్వనిని రేపటి ఆశతో కొనకండి. ముందు కొత్త తంత్రులు వేయించి వినండి, ఎందుకంటే దుకాణంలో తుప్పు పట్టిన తంత్రులు చాలా మంచి గిటార్లను చెడ్డవిగా చూపిస్తాయి.

అపోహ: తంత్రుల ఎత్తు ఎలాగూ సరిచేయించవచ్చు, అదొక సమస్య కాదు.

వాస్తవం: ఎంత సరిచేయవచ్చో మెడ కోణం నిర్ణయిస్తుంది. మెడ లోపల ఉండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్, మెడ వంపును సరిచేస్తుంది, కోణాన్ని మార్చదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర మందపు తంత్రి కింద సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్న తంత్రి కింద సుమారు 1.8 ఉంటే చేతికి హాయి. అంతకు మించి ఉంటే సాడిల్‌ను దించాలి, దించడానికి సాడిల్ మిగిలి ఉండాలి. అందుకే దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక నిటారైన స్టీలు స్కేలు తీసుకువెళ్లండి. మెడ నిటారుగా ఉన్నప్పుడు దాన్ని ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జి వైపు జరిపితే, కొస బ్రిడ్జి పై అంచును తాకాలి, లేదా వెంట్రుకవాసి పైన నిలవాలి. బ్రిడ్జి ముఖానికి కొట్టుకుంటే ఆ గిటారుకు ఎప్పుడో ఒకప్పుడు మెడ విప్పి తిరిగి అమర్చక తప్పదు. టేలర్ వంటి బోల్టుల మెడలకు అది చిన్న పని, జిగురుతో అతికించిన డవ్‌టెయిల్ మెడలకు ఆవిరి పట్టి రోజుల తరబడి చేసే ఖరీదైన పని. కొత్త గిటారులోనే స్కేలు అలా తగిలితే, దాని మీది పేరు ఏదైనా, దుకాణం గోడకు తిరిగి తగిలించి పక్కదాన్ని తీయమని అడగండి.